సాక చెంబులో నీళ్ళు

ఆ మంగళవారం సీసాలో బ్రాందీకి బదులు టీ డికాషన్ నీళ్ళు పోసింది నేనే. అంతకు ముందు ఇరవై ఏళ్ళుగా చేస్తూ వచ్చిన పని అలాంటిదే కనుక వెనకాడలేదు. నిమ్మకాయ కోస్తే రక్తం కారడం, హోమగుండం దానంతటదే రాజుకోవడం, నాలుక మీద కర్పూరం వెలిగించుకోవడం వంటివన్నీ స్కూళ్ళలో, కాలనీల్లో, పండగ పందిళ్ళలో చేసి చూపించి, ఇందులో మహిమ లేదు, రసాయనం ఉంది అని చెప్పేవాణ్ణి. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం నా ఉద్యోగం. ప్రశ్నించడం నేర్పడం నా వ్యసనం అని సభల్లో అంటే చప్పట్లు పడేవి.

ఆ రోజు మాత్రం వేదిక మా అక్క ఇంటి ముందుగది.

మాది సబ్బవరం పక్క పల్లె, వ్యవసాయ కుటుంబం. బావకి ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీలో పని దొరికాక అక్కా బావా జాలరిపేట వెనక సందులో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని రొయ్యల షెడ్డు ఉండేది. అక్క అందులో చేరింది. ఆడవాళ్ళు పొడవాటి బల్లల ముందు నిలబడి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి, రొయ్యల తలలు తీసి పొట్టు వలుస్తారు. అక్క వేళ్ళు ఎప్పుడూ నాని తెల్లగా పాలిపోయి ఉండేవి. ఇంటికొస్తే ముందు ఆ చేతులు చూపించి, "సూడ్రా, దొరసాని సేతులు," అని నవ్వేది.

నాలుగేళ్ళ క్రితం ఒక వేకువన ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలింది. బావ తడిగుడ్డ మొహానికి కట్టుకుని లోపలికి వెళ్ళి ఇద్దరిని భుజాన వేసుకుని బయటకి తెచ్చాడు. మూడోవాడి కోసం వెళ్ళబోతే జనం పట్టుకుని ఆపేశారు. ఆ మూడోవాడు పోయాడు. గ్యాసు పక్క షెడ్డులోకి కూడా వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళు చాలామంది స్పృహ తప్పారు, ఒక పిల్ల చనిపోయింది. పంతొమ్మిదేళ్ళది, అక్క బల్ల దగ్గరే పనిచేసేది. వాళ్ళమ్మ జాలరిపేటలో చేపలు అమ్ముతుంది. అక్క బతికి బయటపడింది. మాకు తెలిసింది అంతవరకే. బతికింది కదా అనుకున్నాం. బతికినవాళ్ళని ఇంకేమీ అడగక్కర్లేదని మాకెవరు చెప్పారో తెలియదు.

బావని మాత్రం అందరూ అడిగారు. హార్బర్‌లో అడిగారు, బస్టాపులో అడిగారు, వైన్ షాపు ముందు నిలబెట్టి అడిగారు. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు గ్లాసు చేతిలో పెట్టేవారు. ఆరు నెలల్లో పొద్దున్నే తాగకపోతే చేతులు వణికే స్థితికి వచ్చాడు. నిద్రలో "ఒగ్గండ్రా నన్ను, ఆడింకా లోనే ఉన్నాడు" అని అరిచేవాడు. ఆ బాధ నిజం కాదని నేను ఎన్నడూ అనను. నేను చెప్పేది ఆ బాధకి దొరికిన గౌరవం గురించి. అతనితో పనిచేసేవాళ్ళు నా ముఖానే అన్నారు:

"ఆ గేస్‌లోకి దిగినోడికి సుక్క పడకపోతే నిద్రెలా పడద్ది మాస్టారూ? మీరైతే పడుకుందురేటి?"

"మాస్టారికేటి తెల్సు, పుస్తకాల గేసే చూసేడు."

నవ్వాను. మాట బాగుందనుకున్నాను కూడా. అదే ఉదయం అదే వాయువు పీల్చిన మనిషి ఇంకొకతె లోపల గదిలో అన్నం వండుతోందని వాళ్ళకీ తోచలేదు, నాకూ తోచలేదు.

అక్క మాటలు తగ్గించేసింది. షెడ్డు పని మానేసింది. గది తలుపు మూస్తే లేచి తెరిచేది. సందు చివర కొట్టు షట్టర్ దించే చప్పుడు వింటే చేతిలో ఉన్నది పడేసేది. బావ తాగి పడుకున్నాక సీసాలో మిగిలింది ఆమె తాగడం మొదలుపెట్టిందని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. మగవాడు వీధిలో నిలబడి తాగి సానుభూతి పొందుతాడు. ఆడది పొయ్యి వెనక తాగి లవంగం నములుతుంది.

అయితే అక్కకి ఒక దారి దొరికింది. ఆ దారి ఇచ్చింది చదువుకున్నవాళ్ళం మేము కాదు, ఆ సందు.

అమ్మవారి పండగ నాడు డప్పుల దగ్గర, సాంబ్రాణి పొగలో అక్క నేల మీద పడి, "తలుపు తియ్యండి! తలుపు తియ్యండే!" అని కేకలు పెట్టింది. అమ్మవారు పూనిందన్నారు. అక్కడ పూనకం వచ్చినవాళ్ళకి సాక పోస్తారు. ఇత్తడి చెంబులో కల్లో, సారాయో, ఈ రోజుల్లో బ్రాందీయో పోసి, పసుపు కలిపి, వేపమండ వేసి తాగిస్తారు. తాగేది మనిషి కాదు, అమ్మవారు. కనుక ఎవరూ తప్పు పట్టరు. అక్క చెంబు ఎత్తి గటగటా తాగింది. అప్పుడు పట్టిన నిద్ర మర్నాటిదాకా వదల్లేదట.

ఆ తర్వాత ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగింటికి, చేపలమ్ముకుని వచ్చిన ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది అక్క ఇంట్లో చేరేవారు. ఒకతె తల దువ్వేది. ఒకతె పసుపు రాసేది. అక్క ఊగేది, ఏడిచేది, తలుపు తియ్యమని అరిచేది. గుడి తలుపు మధ్యాహ్నం పూట మూసేస్తున్నారని అమ్మవారికి కోపం వచ్చిందని వాళ్ళు తేల్చి, మంగళవారాలు గుడి మూయడం మాన్పించారు.

చనిపోయిన పిల్ల తల్లి కూడా వచ్చేది. సాక చెంబు పట్టుకునేది ఆవిడే. అక్క ఊగడం తగ్గాక దగ్గరికి జరిగి కూతురి గురించి ఒకే ప్రశ్న అడిగేది.

"తల్లీ, నా గుంట ఏడుందమ్మా?"

"నా కాడే ఉంది. నా ఒళ్ళో పడుకుంది."

"ఊపిరాడతందా దానికి?"

"ఆడతందే. సల్లగా పడుకుంది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయేది. నేను ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి ఈ మాటలు విన్నాను. నాకు ఒళ్ళు మండింది. చచ్చిపోయిన కూతురి పేరు చెప్పి ఒక తల్లిని మోసం చేయడం, ఆ మోసం మా ఇంట్లో, మా అక్క నోటితో జరగడం భరించలేకపోయాను. కూతురు పోయింది, పోవడానికి ఒక గొట్టం కారణం, ఆ గొట్టం మార్చనివాడు కారణం. వాణ్ణి పట్టుకుని నిలదీయాల్సిన ఆడవాళ్ళు పసుపు రాసుకుంటూ కూర్చున్నారు. ఈ కోపం ఇప్పటికీ తప్పని అనుకోను. కోపం సరైనదే. దాన్ని ఎవరి మీద తీర్చుకున్నానన్నదే ప్రశ్న.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అక్క మా ఇంటికి వచ్చింది. నేను అప్పుడే తలకి రంగు వేసుకుని కూర్చున్నాను. అక్క గుమ్మంలోకి అడుగుపెట్టి, ఒక్కసారి గాలి పీల్చి, రెండు చేతులతో ముక్కు మూసుకుని, గోడకి జారగిలపడిపోయింది. కళ్ళు తేలేసింది. మా ఇంట్లో డప్పు లేదు, పొగ లేదు, అమ్మవారు లేదు. నేను మొహాన నీళ్ళు చల్లి ఏమన్నానో నాకు మాట మాటా గుర్తుంది.

"అక్కా, ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు. లే."

ఆమె లేచింది. కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది. తల రంగులో ఉండే ఘాటు వాసన అమ్మోనియాది. ఆ మర్నాడు నేను క్లాసులో చెప్పిన పాఠం ఏదో నాకు గుర్తులేదు కానీ, ఏడాదికోసారి బోర్డు మీద "ఘాటైన వాసన గల వాయువు" అని రాయించేది నేనే. సాక్ష్యం కావాలి, సాక్ష్యం కావాలి అని ఊరంతా అరిచిన మనిషికి సాక్ష్యం సొంత నెత్తి మీద ఉంది.

పరీక్ష పెట్టిన మంగళవారం నేను మూడింటికే వెళ్ళాను. బావ హార్బర్‌లో ఉన్నాడు. అక్క వెనక పెరట్లో స్నానం చేస్తోంది. దేవుడి అలమర కింద సీసా ఉంది. సగం ఉన్న బ్రాందీని పారబోసి, ఇంటి నుంచి తెచ్చిన టీ డికాషన్ నీళ్ళు అదే రంగు వచ్చేదాకా కలిపి నింపాను. నా తర్కం చాలా సూటిగా ఉంది. తాగేది అమ్మవారే అయితే, భక్తితో పోసిన నీళ్ళు చాలు. తాగేది మనిషే అయితే, తేడా తెలుస్తుంది.

నాలుగింటికి ఆడవాళ్ళు వచ్చారు. నన్ను చూసి ఒకతె, "ఏటి మాస్టారు, మీకూ భక్తి కుదిరిందేటి?" అంది. అందరూ నవ్వారు. పిల్ల తల్లి సీసాలోది చెంబులో వొంపి, పసుపు వేసి, వేపమండ పెట్టింది. అక్క ఊగింది. అరిచింది. చెంబు నోటికందించారు. ఒక గుక్క మింగి, రెండో గుక్క ఉమ్మేసింది.

"ఇదేటిది?"

నేను లేచి నిలబడ్డాను.

"చూశారా! అమ్మవారికి బ్రాందీకీ టీ నీళ్ళకీ తేడా తెలిసింది! సీసాలోది మార్చింది నేను. ఊగుతున్నది అమ్మవారు కాదు, మా అక్క. ఆవిడకి కావలసింది మీ మొక్కులు కాదు, మందు. ఇన్నాళ్ళూ మీ చేత తాగించుకుంది. ఇప్పటికైనా కళ్ళు తెరవండి."

ఇంకా చాలా చెప్పాను. అలవాటైన మాటలు, ఆగకుండా వచ్చాయి. అక్క ఊగడం ఆగిపోయింది. పసుపు రాసిన మొహంతో, విప్పిన జుట్టుతో, నేల మీద చతికిలబడి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. బట్టలు మార్చుకుంటుంటే తలుపు తోసుకుని వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. గుమ్మం దాటాక ఒకతె గొంతు వినిపించింది: "తాగుబోతుది! అమ్మోరి పేరు సెప్పి ఎంత పని సేసిందే." పిల్ల తల్లి చివరగా లేచింది. చెంబులో మిగిలింది వేపమండతో సహా మొక్క మొదట్లో పోసి, చెంబు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

ఈ సంఘటన మీద నేను ఒక వ్యాసం రాశాను. 'ఒక సోదరి' అని రాశాను, పేరు లేదు. ఒక చిన్న పత్రిక వేసింది. పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. సొంత ఇంటి నుంచే సంస్కరణ మొదలుపెట్టినందుకు ఒక సభలో నన్ను నిలబెట్టి అభినందించారు. నేను వాదన గెలిచాను. మంగళవారం నాలుగింటికి అక్క ఇంటికి ఇక ఎవరూ రాలేదు. అమ్మవారు లేదని రుజువు చేస్తే చాలు, మిగతా అంతా దానంతటదే సర్దుకుంటుందని మా ఉద్యమంలో మేమందరం నమ్మేవాళ్ళం. ఇది మా మూఢనమ్మకం.

అదే సమయంలో బావని మందు మాన్పించే కేంద్రానికి తీసుకెళ్ళింది కూడా నేనే. నెల రోజులు ఉంచుకున్నారు. అక్కడున్నవాళ్ళంతా మగవాళ్ళే. ఆడవాళ్ళకి మంచాల్లేవు, ఎవరూ అడగనూ లేదు. భార్యలకి ఆదివారం ఒక క్లాసు ఉండేది. అక్క మూడో వరసలో కూర్చుని వినేది. ఇంట్లో గొడవ పడకండి, ఇష్టమైన కూర వండండి, పాత సంగతులు ఎత్తకండి అని చెప్పేవారు. అంతమంది భార్యల్లో ఒకతెనైనా "అమ్మా, నీకు నిద్ర పడుతోందా?" అని అడిగినవారు లేరు. బావ మానేశాడు. నిజంగానే మానేశాడు. కేంద్రంలో వీడ్కోలు నాడు మైకు ఇచ్చారు. గ్యాసులోకి దిగిన కథ మళ్ళీ చెప్పాడు, ఈసారి గ్లాసు బదులు శాలువా కప్పారు. అక్కతో కలిపి ఫొటో తీశారు. ఫొటోలో అక్క కెమెరా వైపు కాదు, హాలు తలుపు వైపు చూస్తోంది.

ఇంటికి పంపేటప్పుడు బావకి నిద్రమాత్రలు రాసిచ్చారు. అతనికి కొన్నాళ్ళకే అవసరం తీరింది. ఆ చీటీ అక్క దగ్గర ఉండిపోయింది. మందుల షాపువాడు చీటీ చూసేవాడు, తేదీ చూసేవాడు కాదు. మొదట ఒకటి, తర్వాత రెండు, తర్వాత పగలు కూడా. మాత్రలకి వాసన ఉండదు, లవంగం అక్కర్లేదు. అక్క నెమ్మదించిందని అందరం సంతోషించాం. తూలితే నీరసం అన్నాం. మాట ముద్దగా వస్తే వయసు అన్నాం. ఆమెకి నలభై ఆరేళ్ళు.

ఏడాది తర్వాత బియ్యం డబ్బాలో ఆ అట్టలు నాకు దొరికాయి.

"ఇవేంటక్కా?"

"నిద్ర కోసంరా."

"ఇన్నా?"

"ఒగ్గీరా తమ్ముడూ. నీకు దండం పెడతాను. వీటి జోలికి రాకు."

"మందు పోయిందనుకుంటే మాత్రలా? నీకు మనసు గట్టి చేసుకోవడం చాతకాదా? బావ చేసుకోలేదూ?"

"మీ బావకి సెప్పుకోడానికి కత ఉంది," అంది అక్క.

నేను ఆ మాట వినిపించుకోలేదు. అట్టలన్నీ చించి మురుగు కాలవలో పోశాను. మళ్ళీ లాగేసుకోవడమే. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

మూడో రోజు మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. "బావా, బేగి రా. మీ అక్కకి కాలూ సెయ్యీ కొట్టుకుంటన్నాయి, నోట్లోంచి నురగ." నేను వెళ్ళేసరికి సందంతా గుమిగూడింది. అమ్మవారి ఆగ్రహం అని ఎవరో అన్నారు. ఆటోలో పడుకోబెట్టి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో మళ్ళీ ఒకసారి ఫిట్సు వచ్చింది. ఆటో రైల్వే గేటు దగ్గర ఆగినంతసేపూ ఆమె తల నా ఒళ్ళో ఉంది, పళ్ళ మధ్య నాలుక తెగి రక్తం కారుతోంది. ఈ రక్తంలో రసాయనమేమీ లేదు.

ప్రాణం నిలబడింది. రెండు రోజుల తర్వాత మానసిక వైద్య విభాగానికి పంపారు. డాక్టరు ఒక చిన్నవయసు అమ్మాయి. కేసు కాగితం చూసి నన్ను అడిగింది:

"మాత్రలు ఒక్కసారిగా ఆపించింది ఎవరు?"

"నేనే."

"ఏం చేస్తుంటారు?"

"కెమిస్ట్రీ లెక్చరర్ని."

"ఒంటికి అలవాటైన మందుని ఒక్క రోజులో లాగేస్తే ఏమవుతుందో మీరు నాకు చెప్పాలండీ, నేను మీకు కాదు," అంది.

వరండా నిండా జనం ఉన్నారు. మా మాటలు బయటికి వినపడకూడదని నేను లేచి గది తలుపు వేశాను. గొళ్ళెం చప్పుడైంది. అక్క కుర్చీలో బిగుసుకుపోయింది. రెండు చేతులూ ముక్కు మీదకి వెళ్ళాయి.

"తలుపు తియ్యండి," అంది.

"అక్కా, బయట జనం ఉన్నారు, నువ్వు—"

"తలుపు తియ్యండే!"

డాక్టరు లేచింది. నన్ను దాటుకుని వెళ్ళి తలుపు బార్లా తెరిచి, అది మళ్ళీ మూసుకోకుండా తన కుర్చీ అడ్డం పెట్టింది. తను నిలబడే, "తీశానమ్మా. ఇక ఎవరూ వెయ్యరు. చూసుకోండి," అంది.

అక్క తలుపు వైపు చాలాసేపు చూసింది. గుడి తలుపు అనుకున్నారు భక్తులు. మందు కోసం వేషం అనుకున్నాను నేను. మూడున్నరేళ్ళుగా ఆమె అడుగుతున్నది, ఒక మనిషి తలుపు తియ్యమని అడిగితే మామూలుగా ఏది అర్థమో అదే. అడిగినది అడిగినట్టు చేసిన మొదటి మనిషి ఆ అమ్మాయి.

"ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగింది డాక్టరు. మాలో ఎవరం అడగని ప్రశ్న.

అక్క చెప్పింది. షెడ్డుకి ఉన్నది ఒకటే షట్టరు. రొయ్యలు దొంగతనంగా బయటికి పోకుండా తూకం అయ్యేదాకా దాన్ని బయటనుంచి వేసేవారు. గ్యాసు లోపలికి వచ్చాక ఆడవాళ్ళంతా షట్టరు మీద పడి కొట్టారు. ఎవరో బయటనుంచి ఎత్తారు. మోకాలెత్తు లేచి ఇరుక్కుపోయింది. అక్క నేల మీద పడుకుని పాక్కుంటూ సగం బయటికి వచ్చింది.

"ఎనకనుంచి ఆ గుంట నా పైట పట్టుకుంది. అక్కా, అక్కా అంటంది. నాకు ఊపిరి అందడం నేదు. లాగీసేను. పాత సీర. సిరిగిపోయింది. నాను బైటికొచ్చీసేను." పైట కొస వేళ్ళకి చుట్టుకుంటూ, "దాని సెయ్యి ఒగ్గించుకున్నానమ్మా," అంది.

ఇద్దరిని మోసుకొచ్చిన బావ దగ్గర చెప్పుకోదగ్గ కథ ఉంది. దాన్ని ఎన్నిసార్లు చెప్పినా మనిషి పెద్దవుతాడు. అక్క దగ్గర ఉన్నది నోరు విప్పితే మనిషిని నిలబడనివ్వని కథ. ఆడదంటే చెయ్యి పట్టుకున్నదాన్ని వదలకూడదు, తను చచ్చినా సరే. అలా వదిలి బతికిన ఆడదానికి మన దగ్గర ఒక మాట కూడా లేదు, సానుభూతిది కాదు కదా, తిట్టుది కూడా. ఆ సంగతి చెప్పడానికి ఆమెకి దొరికినవి రెండే: ఒక దేవత నోరు, ఒక చెంబు సాక. దేవత నోటితో చనిపోయిన పిల్ల తల్లికి "నా ఒళ్ళోనే ఉంది" అని చెప్పేది. అది మోసమా? నా వ్యాసంలో మోసమనే రాశాను.

డాక్టరు మాత్రలు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తానంది. నెలలు పట్టవచ్చంది. మాట్లాడించడానికి వారానికోసారి రమ్మంది. నేను బయటికి తీసుకొస్తుంటే నన్ను పిలిచి, "ఇంటి దగ్గర ఆవిడతో కూర్చునే ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఉండేవారు అన్నాను.

మర్నాడు జాలరిపేట గట్టు మీద చేపల తట్ట ముందు కూర్చున్న పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తలెత్తకుండానే, "ఏటి కావాలి బాబూ? వంజరాలా, కానాగడతలా?" అంది.

"మా అక్క దగ్గరికి మళ్ళీ రావాలి మీరు."

"అమ్మోరు నేదన్నావు కదా. మరెవుల్ని సూడ్డానికి రావాలి?"

"మీరు వచ్చి కూర్చుంటే చాలు. ఆవిడకి మనుషులు కావాలి."

"మేం మనుసులమని అప్పుడు తెల్దేటి?" అంది. పక్కన చేపలు కోస్తున్న ఇంకొకావిడ కత్తిపీట మీద నుంచి ఫక్కున నవ్వింది. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి ఆవిడే, "మంగళోరం సూత్తాన్లే. ఎల్లు, బేరానికడ్డం," అంది.

మంగళవారం వచ్చింది. ఒక్కతే వచ్చింది. నేను ముందుగది తలుపు తెరిచి రాయి అడ్డం పెట్టాను. పసుపు లేదు, చెంబు లేదు. అక్క గోడకి ఆనుకుని కూర్చుంది. తగ్గించిన మోతాదు వల్ల వేళ్ళు వణుకుతున్నాయి. ఆవిడ తట్ట గుమ్మం బయట దించి ఎదురుగా కూర్చుంది. తర్వాత అక్క ఆసుపత్రిలో చెప్పినది ఈవిడకీ చెప్పింది. షట్టరు, పైట, లాగడం. మధ్యలో ఆపలేదు. నేను వెళ్ళిపోవాలనుకున్నాను, వెళ్ళలేదు.

అంతా విని ఆవిడ, "తెల్సమ్మా," అంది.

అక్క తలెత్తింది.

"నా గుంట పిడికిట్లో గుడ్డపీలిక ఉంది. ఆసుపత్రోలు పిడికిలి తెరవనేకపోయేరు. నానే తెరిచేను. నీలం మీద తెల్ల సుక్కలు. ఆ సీర కట్టుకుని నువ్వెన్నిసార్లు మా ఇంటికి రానేదు?"

"తెల్సే వచ్చీదానివా?" అంది అక్క.

"కోపం ఉండీది. నిన్ను సంపీయాలనుండీది. పండగనాడు అమ్మోరు నీ మీదకొచ్చింది. అడిగితే నా ఒళ్ళో ఉందన్నావు. ఆ మాట కోసం వచ్చీదాన్ని. మంగళోరం ఆ మాటింటే మళ్ళీ మంగళోరం దాకా బతికీదాన్ని." నా వైపు తిరిగింది. "అదబద్దమని మాకు తెల్దనుకున్నావేటి బాబూ? నువ్వొక్కడివే తెలివైనోడివా?"



ఆవిడ అక్కకి దగ్గరగా జరిగింది. మునుపు చెంబు పట్టుకున్నప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చుని, అక్క వణుకుతున్న చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు సెప్పు. అమ్మోరు ఒద్దు, సాకా ఒద్దు. నువ్వే సెప్పు. నా గుంట ఏడుంది?"

అక్క పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. నా వైపు ఒకసారి చూసింది, ఏ వ్యాసంలోనూ నేను రాయలేని చూపు అది. ఆ క్షణాన ఆమె ఆ అబద్ధం చెబితే బాగుండునని నేను మనసులో కోరుకున్నాను. ఇరవై ఏళ్ళ సభలు, చప్పట్లు, ఉత్తరాలు అన్నీ ఇచ్చేసి ఆ ఒక్క వాక్యం తెచ్చి ఆమె నోట్లో పెట్టాలనుకున్నాను.

"నాకు తెల్దమ్మా," అంది అక్క.

ఆవిడ తల ఊపింది. చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు. బయట ఎండ తగ్గి తట్టలో చేపల మీద ఈగలు ముసిరేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి, తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

అక్క మాత్రలు సగానికి తగ్గాయి. నిద్ర పెద్దగా లేదు. పత్రికవాళ్ళు నా వ్యాసాల సంపుటం వేస్తామని ఆ 'సోదరి' వ్యాసం కూడా అడిగారు. ఇవ్వనన్నాను, బదులు ఇది ఇస్తున్నాను. అక్కని అడిగే రాశాను. "రాయి. ఆ గుంట నన్ను అక్కా అని పిలిసిందని కూడా రాయి," అంది.

మంగళవారాలు నాలుగింటికి నేను కాలేజీ నుంచి సూటిగా అక్క ఇంటికి వెళ్ళి, తలుపుకి రాయి అడ్డం పెట్టి కూర్చుంటున్నాను. తలకి రంగు మానేశాను. పిల్ల తల్లి ఆ తర్వాత ఇప్పటిదాకా రాలేదు. సందులో తట్ట దించిన చప్పుడైనప్పుడల్లా అక్క గుమ్మం వైపు చూస్తుంది.